తవ్వేకొద్దీ పెరిగిన దుంప

మెల్‌బోర్న్‌కి పడమటి వైపు టార్నీట్, ట్రుగనీనా, మెల్టన్ లాంటి శివార్లున్నాయి. మన తెలుగు కుటుంబాలు చాలానే అక్కడ ఇళ్లు కట్టుకున్నాయి. పునాది దగ్గర బిల్డరు చెప్పే మాట అందరికీ ఒకటే: వానొస్తే ఉబ్బుతుంది, ఎండొస్తే బీటలు తీస్తుంది, ఈ నేలకి తగ్గట్టు స్లాబు వెయ్యాలి. ఒకనాటి లావా మీద ఏర్పడ్డ బంకమట్టి అది. దక్కన్ నల్లరేగడి కూడా అలా పుట్టిందే. రెండు వందల ఏళ్ల కిందట ఆ మట్టిలో ఎక్కడ తవ్వినా ఒక దుంప దొరికేది. పైన పసుపు పువ్వు, కింద వేలెడంత తెల్లటి, తియ్యటి దుంప. పేరు మర్నాంగ్. ఇంగ్లిషు వాళ్లు యామ్ డెయిజీ అన్నారు. ఇప్పటి విక్టోరియా రాష్ట్రంలోని మూలవాసులకు, మనకు అన్నం ఎలాగో అది అలాగ.

1835లో మెల్‌బోర్న్ దగ్గర తెల్లవాళ్ల గొర్రెల మందలు దిగాయి. 1839కే మూనిన్ మూనిన్ అనే మూలవాసి ఒకాయన, పోర్ట్ ఫిలిప్ ప్రాంతంలో, అంటే మెల్‌బోర్న్ చుట్టుపక్కల, ఇక మర్నాంగ్ లేదని, తెల్లవాళ్ల ఎడ్లూ గొర్రెలూ ఎక్కువైపోయి అంతా పోయిందని చెప్పిన మాట రికార్డుల్లో ఉంది. వేల ఏళ్లుగా జనాన్ని పోషించిన తిండి నాలుగైదేళ్లలో చెయ్యి జారిపోయింది.

ఏం జరిగిందంటే చాలామంది ఒక్క ముక్కలో తేల్చేస్తారు: గొర్రెలు తినేశాయి. అబద్ధం కాదు. కానీ అంతటితో ఆగితే ఒక ప్రశ్న మిగిలిపోతుంది. గొర్రెల్ని తోలేసి కంచె కట్టిన చోట్ల కూడా ఈ మొక్క దానంతటది ఎందుకు తిరిగి రాదు? దానికి జవాబు కావాలంటే మొక్క దగ్గర్నుంచి మొదలుపెట్టాలి.

ఎండలో చచ్చినట్టు పడుకునే మొక్క

చామంతి, బంతి, పొద్దుతిరుగుడు, మన గట్ల మీద పెరిగే గడ్డిచామంతి అన్నీ ఒకే కుటుంబం. మర్నాంగ్ కూడా అందులోదే. ఆ పెద్ద కుటుంబంలో దీనికి దగ్గరి బంధువులు చికోరీ, లెట్యూస్, డాండిలయన్. గిల్లితే పాలు కారడం వీటన్నిటికీ ఉన్న లక్షణం. ఇది బహువార్షికం, అంటే ఏళ్ల తరబడి బతికే మొక్క. కానీ ఏడాది పొడుగునా కనపడదు. ఆస్ట్రేలియాలో ఎండలు మండే డిసెంబరు, జనవరి నాటికి ఆకంతా ఎండి రాలిపోతుంది. పైన చూస్తే ఏమీ ఉండదు, ప్రాణమంతా కింద దుంపలో ఉంటుంది. మార్చి, ఏప్రిల్‌లో తొలకరి పడగానే మళ్లీ సన్నటి, నిటారు ఆకులు కుచ్చులా లేస్తాయి. పాత దుంపలో దాచుకున్నది వాడుకుంటూ మొక్క పెరుగుతుంది, ఆ దుంప ముడుచుకుపోయి పక్కనే కొత్తది ఊరుతుంది. మొక్క పాతదే, దుంప మాత్రం ఏటా కొత్తది.

దీన్ని పోల్చుకోవడానికి మొగ్గ చూడాలి. పూలకాడ చివర మొగ్గ తల వంచుకుని, కొక్కెంలా కిందికి వేలాడుతూ ఉంటుంది. విచ్చుకునే రోజు దగ్గరపడితే కాడ నిటారుగా లేచి పువ్వుని ఎండకి ఎత్తిపడుతుంది. పువ్వు వాడాక మళ్లీ వంగి, గింజ ముదిరాక ఇంకోసారి నిలబడుతుంది. గింజలకి తెల్లటి కుచ్చు ఉంటుంది, గాలికి ఎగిరిపోతాయి. యూరప్ నుంచి వచ్చి ఆస్ట్రేలియా పార్కుల్లో, రోడ్ల పక్కన నిండిపోయిన క్యాట్స్‌ఇయర్ అనే కలుపు మొక్క పువ్వు కూడా అచ్చం ఇలాగే పసుపుగా ఉంటుంది. దాని ఆకు మీద నూగు ఉంటుంది, నేలకి అతుక్కుని పరుచుకుంటుంది, కాడ కొమ్మలేస్తుంది. మర్నాంగ్ కాడకి కొమ్మలుండవు, ఒక కాడకి ఒకే పువ్వు. తెలియనివాళ్లు మర్నాంగ్‌ని కలుపనుకుని పీకేస్తారు, కలుపుని మర్నాంగ్ అనుకుని ఫొటోలు పెడతారు.

ఈ "అచ్చ ఆస్ట్రేలియా మొక్క" పూర్వీకులు అసలు ఆస్ట్రేలియా వాళ్లే కారు. మర్నాంగ్ చేరిన మైక్రోసెరిస్ అనే జాతిలో మిగతావన్నీ దాదాపుగా ఉత్తర అమెరికా పడమటి తీరంలోనే ఉంటాయి. అక్కడి రెండు రకాల మధ్య సంకరం జరిగి, క్రోమోజోములు రెట్టింపై, ఆ గింజ ఎప్పుడో పసిఫిక్ సముద్రం దాటి ఆస్ట్రేలియా, న్యూజిలాండ్ వైపు చేరింది. 1990లలో జరిగిన డీఎన్ఏ పరిశోధనలు తేల్చిన సంగతి ఇది. కుచ్చున్న గింజ పక్షి ఈకకి అంటుకుని వచ్చిందేమో. ఎలా వచ్చినా, మనుషులెవరూ తెచ్చింది కాదు. తనంతట తాను వచ్చి స్థిరపడింది కాబట్టి లెక్కకి స్వదేశీయే.

కాగితం మీద మూడు మొక్కలు, ఒకటే పేరు

మర్నాంగ్ గురించి పాతవీ కొత్తవీ కలిపి చదివితే తల తిరుగుతుంది. ఒక చోట శాస్త్రీయ నామం మైక్రోసెరిస్ స్కాపిజెరా అని, ఇంకో చోట లాన్సియోలాటా అని, వేరే చోట ఫోర్‌స్టెరి అని ఉంటుంది. ఒకరు తియ్యగా ఉంటుందంటారు, మరొకరు చేదంటారు. ఒకరు ఒకటే దుంప అంటారు, మరొకరు గుత్తులుగా వేర్లు అంటారు. వీళ్లలో ఎవరూ అబద్ధం చెప్పడం లేదు. వాళ్లు చూసిన మొక్కలే వేరు.

మోనాష్ యూనివర్సిటీకి చెందిన బెత్ గాట్ అనే వృక్షశాస్త్రవేత్త 1983లో మర్నాంగ్ మీద రాసిన పరిశోధనా వ్యాసమే ఇవాళ మనకి తెలిసినదానిలో సగానికి పైగా ఆధారం. పాత డైరీలు, స్థలదారుల (పెద్ద మేత భూములు పట్టుకున్న తెల్లవాళ్ల) జ్ఞాపకాలు, ప్రభుత్వ కాగితాలు గాలించి, ఇది ఏదో ఆకలేసినప్పుడు తినే అడవి గడ్డ కాదనీ, విక్టోరియా మూలవాసులకు ప్రధాన ఆహారమనీ ఆవిడ గట్టిగా నిలబెట్టింది. ఆ వ్యాసంలో వాడిన పేరు స్కాపిజెరా. అప్పటి లెక్క ప్రకారం అది సరైనదే. తర్వాత వర్గీకరణ మారి మర్నాంగ్‌ని లాన్సియోలాటా కిందికి తెచ్చారు. ఆ పేరుతో ముప్ఫై ఏళ్ల దాకా నడిచింది.

2016లో విక్టోరియా రాయల్ బొటానిక్ గార్డెన్స్‌కి చెందిన నెవిల్ వాల్ష్ ఈ ముడి విప్పాడు. మైదానాల్లో, పలచటి అడవుల్లో పెరుగుతూ, ఒకే ఒక దుంప వేసి, తియ్యగా ఉండేది ఒక రకం. కొండ ప్రాంతాల్లో పెరుగుతూ, లావుపాటి వేర్లు కొన్ని వేసేది ఇంకోటి; లాన్సియోలాటా అన్న పేరు దానిది. కండగల వేర్లు గుత్తిగా వేసి, చేదుగా ఉండేది మూడోది. స్కాపిజెరా అంటే అది. మరి తియ్యటి దుంపకి పేరేది? కొత్తగా పెట్టక్కర్లేకుండా పాత కాగితాల్లోనే దొరికింది. ఫ్రెంచ్ వృక్షశాస్త్రవేత్త మిషెల్ గాండోజే ఎప్పుడో పెట్టి, అందరూ పక్కన పడేసిన మైక్రోసెరిస్ వాల్టెరి. అదే ఇప్పుడు మర్నాంగ్ అధికారిక నామం.

ఇదంతా పండితుల గొడవలే, మనకెందుకు అనిపించొచ్చు. కానీ పేరు తప్పయితే గింజ తప్పవుతుంది. పాత పేరు చూసి గింజలు తెచ్చి నాటినవాళ్లకి చేదు వేర్లు చేతికొస్తే, ఇదా వాళ్లు అంత ఇష్టంగా తిన్నది అని పెదవి విరుస్తారు. పొలం గట్టు తగాదాల్లో సర్వే నంబరు తప్పు పడితే ఎంత పని అవుతుందో తెలిసినవాళ్లకి దీని గురించి వేరే చెప్పక్కర్లేదు.

తవ్విన చేతులు ఆడవాళ్లవి

1841 జులైలో జార్జ్ అగస్టస్ రాబిన్సన్ అనే అధికారి పశ్చిమ విక్టోరియాలో తిరుగుతున్నాడు. ఆయన ఉద్యోగం పేరు మూలవాసుల ప్రధాన సంరక్షకుడు; సంరక్షణ ఎంత జరిగిందన్నది వేరే కథ. డైరీ మాత్రం శ్రద్ధగా రాశాడు. కనుచూపు మేర మైదానమంతా ఆడవాళ్లు పరుచుకుని మర్నాంగ్ తవ్వుతున్నారనీ, ఒక్కొక్కరూ మోయగలిగినంత మోసుకొస్తున్నారనీ అందులో ఉంది. దుంపల జాడ బాగా కనపడటానికి ముందు గడ్డి తగలబెడతారని కూడా రాసుకున్నాడు. విలియం బక్లీ సాక్ష్యం ఇంకా పాతది. 1803లో శిక్షాశిబిరం నుంచి పారిపోయి, వాదావురుంగ్ అనే మూలవాసుల మధ్య 32 ఏళ్లు బతికి, 1835లో బయటికొచ్చిన ఇంగ్లిషువాడు ఆయన. ఆయన చెప్పిన కథలోనూ ఈ దుంప తిండిగా మళ్లీ మళ్లీ వస్తుంది.

తవ్వడానికి వాడేది మనిషి ఎత్తుకి కాస్త అటూ ఇటూగా ఉండే కర్ర. మొనని నిప్పులో కాల్చి గట్టిపరిచేవాళ్లు. అన్నిటికంటే విలువైన సాక్ష్యం ఐజాక్ బేటీ అనే ఆయనది. మెల్‌బోర్న్‌కి ఉత్తరాన సన్‌బరీ దగ్గర చిన్నప్పటి నుంచీ ఉన్న స్థలదారు కుటుంబం. ముసలితనంలో రాసుకున్న జ్ఞాపకాల్లో తమ దగ్గరి ఒక ఏటవాలు గట్టు గురించి చెప్పాడు. ఆ వాలు మీద వాలుకి అడ్డంగా వరసగా మట్టి దిబ్బలు, మధ్యలో కొద్దిపాటి ఖాళీ. ఏళ్ల తరబడి మనుషుల చేతులు తిరగేస్తే తప్ప అలా ఏర్పడవని ఆయన తీర్మానం. పైగా ఇలా మట్టి తిరగేస్తే దుంపలు తగ్గవు సరికదా పెరుగుతాయన్న సంగతి మూలవాసులకి తెలిసే ఉంటుందని కూడా అన్నాడు. దానికి ఆయన పెట్టిన పేరు "అనుకోకుండా జరిగిన తోటపని". తెలిసే చేశారని ఒక పక్క ఒప్పుకుంటూ, అనుకోకుండా అనడం ఆ కాలపు తెల్లవాళ్ల బుర్రకి తగినట్టే ఉంది.

తవ్వితే ఎలా పెరుగుతుంది? గట్టి బంకమట్టి గుల్లబారుతుంది, వాన నీళ్లు లోపలికి దిగుతాయి. ఒత్తుగా ఉన్న చోట పెద్దవి తీసేస్తే మిగిలిన చిన్నవాటికి చోటు దొరుకుతుంది. తిరగేసిన నేల మీద గాలికొచ్చి పడ్డ గింజ సులువుగా మొలుస్తుంది. మనిషి ఒక్కడే కాదు, బెట్టాంగ్, బ్యాండికూట్ లాంటి చిన్న జంతువులు కూడా తిండి కోసం రాత్రంతా నేల గీకేవి. వీళ్లందరి వల్లా ఆ మైదానాల పైమట్టి ఎప్పుడూ దుక్కి దున్నినట్టు మెత్తగా ఉండేది. మొదట్లో వచ్చిన తెల్లవాళ్లు కూడా నేల మెత్తదనం గురించి రాశారు, ఎందువల్ల మెత్తగా ఉందో మాత్రం ఆలోచించలేదు.

ఇక నిప్పు. ఆ మైదానాల్లో రాజ్యమేలేది కంగారూ గ్రాస్. ఆఫ్రికా నుంచి ఆసియా మీదుగా ఆస్ట్రేలియా దాకా ఉన్న గడ్డి అది, మన దేశంలో కూడా ఉంది. కాల్చకుండా, మేపకుండా వదిలేస్తే కొన్నేళ్లలో పాత గడ్డి పేరుకుపోయి నేలని కప్పేస్తుంది. మధ్యలో ఉండే చిన్న పూలమొక్కలకి వెలుతురు అందదు. ఎండాకాలం చివర తగలబెడితే ఆ మూత తీసేసినట్టవుతుంది. ఆ టైముకి మర్నాంగ్ మట్టి కింద నిద్రలో ఉంటుంది కాబట్టి మంట దాన్ని తాకదు. తొలకరికి లేచేసరికి చుట్టూ ఖాళీ నేల, పైన బూడిద ఎరువు. ఈ పద్ధతికి 1969లో రిస్ జోన్స్ అనే పురావస్తు శాస్త్రవేత్త "నిప్పు కర్ర సేద్యం" అని పేరు పెట్టాడు.

వండితే ఏమవుతుంది

పచ్చిది తినొచ్చు. కాస్త కొబ్బరి రుచి అంటారు తిన్నవాళ్లు. కానీ ఎక్కువగా తిన్నది వండే. నేలలో గుంట తీసి, రాళ్లు ఎర్రగా కాల్చి, రెల్లు బుట్టల్లో దుంపలు నింపి లోపల పెట్టి మూసేసేవాళ్లు. అలా ఉడికితే దుంప సగం కరిగి, నల్లటి తియ్యటి రసం వస్తుంది.

ఆ తీపికి ఒక లెక్క ఉంది. బంగాళాదుంపలా ఇందులో పిండి ఉండదు. చామంతి కుటుంబంలో చాలా మొక్కలు దుంపలో పిండికి బదులు ఇన్యులిన్ రకం పదార్థం దాచుకుంటాయి. ఫ్రక్టోజ్ అనే చక్కెర అణువుల గొలుసు అది. మన ఒంట్లో ఆ గొలుసు తెంపే ఎంజైము లేదు. అరగకుండా పెద్దపేగు దాకా పోయి, అక్కడి బ్యాక్టీరియా చేతిలో పులుస్తుంది. దాని నుంచి మనకందే శక్తి పిండి నుంచి వచ్చేదానిలో సగం కూడా ఉండదు, గ్యాస్ మాత్రం బాగా వస్తుంది. నెమ్మదిగా, ఎక్కువసేపు వేడి తగిలితే గొలుసులో కొంత తెగి ఫ్రక్టోజ్ విడిపోతుంది. తీపీ వస్తుంది, అరుగుదలా మెరుగవుతుంది. అందుకే గుంట పొయ్యి ఉత్త రుచి కోసం పెట్టుకున్నది కాదు. ఫిల్టర్ కాఫీలో చికోరీ కలుపుకునే మనం దీనికి మరీ కొత్తవాళ్లం కాము. చికోరీ వేరులో ఉండేదీ ఇన్యులినే. వేయించినప్పుడు అది విడిపోయి మాడటం వల్లే ఆ రంగు, ఆ తియ్యటి చేదు వస్తాయి.

మర్నాంగ్ బంగాళాదుంప కంటే ఎనిమిది రెట్లు పోషకమని ఇంటర్నెట్‌లో ఒక వాక్యం తిరుగుతూ ఉంటుంది. ఏ పోషకం, పచ్చిదాంట్లోనా వండినదాంట్లోనా, ఎంత బరువుకి అన్నది ఆ వాక్యంలో ఉండదు. ఒకదానిలో పిండి, ఇంకోదానిలో ఇన్యులిన్ ఉన్నప్పుడు రెంటినీ ఒక అంకెతో పోల్చడమే కుదరదు. నేనైతే ఆ అంకెని పట్టించుకోను. జనాల్ని తరతరాలుగా సాకిన తిండికి సూపర్‌ఫుడ్ అన్న బిరుదు అక్కర్లేదు కూడా.

గొర్రె ఒక్కటే చేసిన పని కాదు

1836 చివరికి పోర్ట్ ఫిలిప్ ప్రాంతంలో గొర్రెలు 40 వేల పైచిలుకు. 1851 నాటికి విక్టోరియాలో సుమారు 60 లక్షలు. మర్రే నది దగ్గర మందలు నడిపిన ఎడ్వర్డ్ కర్ 1883లో వేసిన జ్ఞాపకాల్లో, తొలిరోజుల్లో బండి చక్రాలు దొర్లితే చాలు దుంపలు కుప్పలుగా బయటపడేవని రాశాడు. గొర్రెలు మూతితో నేల పెళ్లగించి వాటిని తినడం నేర్చుకున్నాయని, మొదటి ఏడాదంతా చాలావరకు వాటి మీదే బతికాయని కూడా ఆయనే చెప్పాడు. ఇది గొర్రెలాయన మాట, మూలవాసుల తరఫు వకాల్తా కాదు.

అక్కడ గొర్రెలు, పశువులు లేకముందు పెద్ద మేత జంతువంటే కంగారూ. దాని పాదం మెత్తన. గిట్టల జంతువు తొక్కితే గుల్ల మట్టి రెండు మూడేళ్లలో రాయిలా బిగుసుకుంటుంది. వానలకి కొత్త ఆకు లేవగానే గొర్రె కొరికేస్తుంది. ఆకు లేకపోతే కొత్త దుంపకి తిండి పంపేది ఎవరు? పాతది కరిగిపోయింది, కొత్తది ఊరలేదు, మొక్క అక్కడికి సరి. ఏటా దుంప మార్చుకునే అలవాటు ఎండని తట్టుకోవడానికి బ్రహ్మాండంగా పనికొచ్చింది, గొర్రె ముందు అదే దాని కొంప ముంచింది.

అదే సమయంలో తవ్వే చేతుల్ని నేల నుంచి గెంటేశారు. స్థలదారులకి తమ మేత భూముల్లో మూలవాసులు తిరగడం ఇష్టం లేదు, గడ్డికి నిప్పు పెట్టడం అస్సలు ఇష్టం లేదు. జబ్బులకి చచ్చినవాళ్లు చచ్చారు. తిండి పోయి ఆకలితో గొర్రెని పట్టుకుంటే తుపాకీ పేలింది. 1840లలో పశ్చిమ విక్టోరియా అంతా ఈ రక్తపాతమే. తెల్లవాళ్లకీ మూలవాసులకీ మధ్య జరిగిన ఈ సరిహద్దు యుద్ధాల గురించి రాసేటప్పుడు గొర్రెల దొంగతనం దగ్గర మొదలుపెట్టడం ఒక అలవాటు. ఆ ముందు ఏడాది ఎవరి దుంపలు ఎవరి గొర్రెలు తిన్నాయో అక్కడ కనపడదు.

మిగతాది నెమ్మదిగా జరిగింది. 1859లో థామస్ ఆస్టిన్ అనే భూస్వామి విన్‌చెల్సీ దగ్గర తన ఎస్టేటులో వేట సరదా కోసం కుందేళ్లు వదిలాడు. అవి దేశమంతా నిండాయి. నేల గీకే చిన్న జంతువులు మైదానాల నుంచి మాయమయ్యాయి. ఇరవయ్యో శతాబ్దంలో సూపర్ ఫాస్ఫేటు వేసి, బయటి దేశాల క్లోవర్, గడ్డి గింజలు చల్లారు. ఇక్కడి మొక్కలు ఫాస్ఫరస్ తక్కువున్న నేలకి అలవాటు పడ్డవి. ఎరువు పడితే లాభపడింది కలుపే.

ఇప్పుడు కంచె ప్రశ్నకి వద్దాం. ఈ మైదానాల్లోని చాలా పూలమొక్కల్లాగే మర్నాంగ్ గింజ మట్టిలో ఏళ్ల తరబడి పడుండి అదను కోసం కాచుకునే రకం కాదు. ఆ ఏడు మొలిస్తే మొలిచినట్టు, లేకపోతే పోయినట్టు. అంటే ఒక చోట మొక్కలు పోయాయంటే మట్టిలో దాచిన సొమ్మేమీ ఉండదు. దగ్గర్లో తల్లి మొక్క ఉండాలి, గాలి తేవాలి, గింజ పడ్డ చోట గడ్డి కప్పి ఉండకూడదు, నేల బిగుసుకుని ఉండకూడదు. గొర్రెని తీసేస్తే ఈ నాలుగింటిలో ఒక్కటీ రాదు.

అది సేద్యమా, కాదా

ఆస్ట్రేలియాలో ఈ దుంప పేరెత్తితే ఈ గొడవ తప్పదు. 2014లో బ్రూస్ పాస్కో రాసిన పుస్తకం, మూలవాసులు కేవలం వేటాడి, ఏరుకు తిన్నవాళ్లు కారనీ, నేల సాగు చేసినవాళ్లనీ వాదించింది. మర్నాంగ్ అందులో పెద్ద ఉదాహరణ. లక్షల మంది చదివారు. 2021లో మానవశాస్త్రవేత్త పీటర్ సటన్, పురావస్తు శాస్త్రవేత్త కెరిన్ వాల్ష్ కలిసి దానికి జవాబుగా ఇంకో పుస్తకం రాశారు. ఆధారాల్ని సాగదీశారన్నది వాళ్ల అభ్యంతరం. అంతకంటే బలమైన మాట ఇంకోటి అన్నారు: రైతులని పిలిస్తేనే గౌరవం అన్నట్టు మాట్లాడటం, యూరప్ కొలబద్దతోనే వాళ్లని మళ్లీ కొలవడం.

ఈ గొడవ అంత వేడిగా ఉండటానికి కారణం ఉత్త చరిత్ర కాదు. నేల దున్నని వాడికి నేల మీద హక్కు లేదన్న ఆలోచన వలసపాలన పునాదిలోనే ఉంది. 1835లో జాన్ బ్యాట్‌మన్ మూలవాసుల పెద్దలతో ఒప్పందం రాసుకుంటే, గవర్నర్ బర్క్ అదే ఏడు అది చెల్లదని ప్రకటించాడు. భూమి బ్రిటిష్ రాజుదట, మూలవాసులకి అమ్మే హక్కే లేదట. ఈ వాదన కోర్టులో కూలడానికి 1992 దాకా, మూలవాసుల భూమి హక్కుని ఒప్పుకున్న మాబో తీర్పు దాకా పట్టింది. కాబట్టి "సేద్యం" అన్న పదం వెనక భూమి పట్టా తగువు ఉంది. భూమి కోసం తన్నుకోవడం మనకి తెలియంది కాదు గనక ఆ వేడి ఎందుకో మనం సులువుగానే పట్టుకోగలం.

ఎవరు ఒప్పు అని అడిగితే నేను బేటీ చూసిన గట్టు దగ్గరికే పోతాను. విత్తనం దాచి, దుక్కి దున్ని, వరస పెట్టి చల్లినట్టు సాక్ష్యం లేదు. అలాగని ప్రకృతి ఇచ్చింది ఏరుకున్నారు అనడమూ తప్పే. వాళ్లు ఆగిపోయాక ఆ పంట కూడా ఆగిపోయింది. పని చేస్తేనే పండేదాన్ని ఏరుకోవడం అనలేం. సేద్యానికీ ఏరుకోవడానికీ మధ్య ఖాళీ ఉందనుకుంటాం గానీ, మనుషులు ఎక్కువ కాలం బతికింది ఆ మధ్యలోనే. ఇంకో అనుమానం కూడా నాకుంది. ఆ కర్ర పట్టుకున్నది మగవాళ్లయి ఉంటే డైరీలు రాసిన దొరలు దానిని పొలం పని అని గుర్తుపట్టేవాళ్లేమో.

శ్మశానాలు, రైలు కట్టలు

అగ్నిపర్వత మైదానాల అసలు గడ్డిభూమి ఇవాళ ఒకటి రెండు శాతానికి మించి మిగల్లేదు. మిగిలింది కూడా నాగలి, గొర్రె రెండూ చేరని వింత చోట్ల: పాత శ్మశానాల్లో, రైలు పట్టాల వారన, రోడ్డు మార్జిన్లలో. రైలు కట్టల పక్కన మంటలు పెట్టి గడ్డి కాల్చడం రైల్వే వాళ్ల అలవాటు కావడంతో, ఎవరూ అనుకోకుండానే పాత పద్ధతి అక్కడ కొనసాగింది. 2008లో ఆస్ట్రేలియా కేంద్ర ప్రభుత్వం ఈ గడ్డిభూముల్ని అత్యంత ప్రమాదంలో ఉన్న జాబితాలో చేర్చింది.

మన శివార్ల సంగతి ఇక్కడ తగులుతుంది. నగరాన్ని పడమటికి పెంచడానికి అనుమతి ఇస్తూ, దానికి బదులుగా 15,000 హెక్టార్ల గడ్డిభూమిని కొని రిజర్వుగా చేస్తామని విక్టోరియా ప్రభుత్వం మాటిచ్చింది. గడువు 2020. ఆ ఏడు రాష్ట్ర ఆడిటర్ జనరల్ లెక్క తీస్తే కొన్నది పది శాతమే. ఇళ్లు మాత్రం గడువు కంటే ముందే లేచాయి. ఈలోగా కొనాల్సిన నేలలో కలుపు ముదిరింది. ఇల్లు కొనుక్కున్నవాళ్ల తప్పేమీ లేదు, కానీ ఆ ఇంటి ధరలో ఈ బాకీ కూడా ఒక భాగమని తెలిసుండటం మంచిదే.

వాదావురుంగ్, వురుండ్జెరి లాంటి మూలవాసుల సంఘాలు, స్థానిక మొక్కల నర్సరీలు, కొన్ని బడులు ఇప్పుడు మర్నాంగ్ మళ్లీ పెంచుతున్నాయి. పెద్ద రెస్టారెంట్లలో ప్లేటులో రెండు మూడు ముక్కలు కనిపిస్తున్నాయి కూడా. దాన్ని పంటగా మార్చడం మాత్రం తేలిక కాదు. గింజలన్నీ ఒకేసారి ముదరవు, ముదిరిన రోజే కోయకపోతే గాలికి పోతాయి. దుంప చిన్నది, మొక్కకి ఒకటి, చేత్తో తవ్వాలి. ఖరీదు ఎక్కువ పడుతుంది. ఆ ఖరీదు పెట్టుకుని తినేవాళ్లకి అందుతుంది గానీ, తాతముత్తాతలు తిన్నవాళ్లకి తిండిగా అందడం లేదన్న విమర్శ న్యాయమైనదే.

మెల్‌బోర్న్ చుట్టుపక్కల ఉండి చూడాలనుకునేవాళ్లు సెప్టెంబరు, నవంబరు మధ్య వెళ్లాలి. సన్‌బరీలో ఎవాన్స్ స్ట్రీట్ పక్కన, రైలు లైనుని ఆనుకుని ఒక చిన్న గడ్డిభూమి రిజర్వు ఉంది. మిగిలిపోయిన పాత మైదానం ఎలా ఉంటుందో అక్కడ తెలుస్తుంది. తల వంచిన పసుపు మొగ్గ కనపడితే వంగి చూడండి, తవ్వకండి, రిజర్వుల్లో అది నేరం. పెంచుకోవాలంటే స్థానిక మొక్కలు అమ్మే నర్సరీలో వాల్టెరి అని పేరు చూసి కొనండి, లాన్సియోలాటా అని రాసుంటే ఒకసారి అడగండి. లోతైన కుండీ, గుల్ల మట్టి, ఎరువు వద్దు. చలికాలంలో నత్తల్ని కనిపెట్టుకుని ఉండాలి. డిసెంబరులో ఆకంతా ఎండిపోతే చచ్చిందనుకుని కుండీ బోర్లించేవాళ్లు చాలామంది. నీళ్లు తగ్గించి, నీడకి జరిపి, ఏప్రిల్ దాకా ఊరుకోండి.